టాస్క్‌ఫోర్స్‌కి విడిగా పరీక్ష లేదు: ఒక ఎస్సై అనుభవం

"టాస్క్‌ఫోర్స్‌లో చేరాలంటే ఏ నోటిఫికేషన్ చూడాలన్నా?" అని చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర చదువుకునే తమ్ముళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. దానికి విడిగా నోటిఫికేషన్ ఏదీ ఉండదు. హైదరాబాద్ సిటీ పోలీస్‌లో టాస్క్‌ఫోర్స్ కమిషనర్ కింద జోన్లవారీగా, టీములుగా పని చేస్తుంది. సైబరాబాద్ వైపు ఇదే తరహా పని చేసేవాళ్లను ఎస్‌ఓటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్) అంటారు. డ్రగ్స్ కోసం 2022 ఫిబ్రవరిలో హెచ్‌న్యూ అని ఒక విభాగం పెట్టారు. వీటిలో దేనిలోకీ బయటి నుంచి నేరుగా తీసుకోరు. ముందు కానిస్టేబుల్‌గానో, ఎస్సైగానో, గ్రూప్-1 రాసి డీఎస్పీగానో డిపార్ట్‌మెంట్‌లోకి రావాలి. స్టేషన్‌లో పని చేయాలి. ఆ పని నచ్చి ఒక అధికారి మన పేరు చెప్తే ఆర్డర్ వస్తుంది.

నేను అలా వచ్చినవాణ్ణే. రౌడీ ముఠాలు, వసూళ్ల గ్యాంగుల మీద పని చేసే టీములో ఉన్నాను. మనుషుల పేర్లు, స్టేషన్ల పేర్లు ఇక్కడ రాయను. కొన్ని కేసులు ఇంకా విచారణలో ఉన్నాయి. కొందరు సాక్షులు ఇప్పటికీ అదే గల్లీలో బతుకుతున్నారు.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో. అమ్మ సాయంత్రాలు మిర్చి బజ్జీల బండి పెట్టేది. చీకటి పడ్డాక ఇద్దరు పోరగాళ్లు స్కూటర్ మీద వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడేవాళ్లు. అమ్మ గల్లాలోంచి ఒక నోటు తీసి ఇచ్చేది. "ఎందుకిస్తవమ్మా" అని అడిగితే "ఇయ్యకుంటే రేపు బండి ఉంటదా బిడ్డా" అనేది. పోలీస్ స్టేషన్ అక్కడి నుంచి నడిచిపోయేంత దూరం. ఆ రోడ్డు మీద బండ్లు పెట్టుకున్నవాళ్లందరూ డబ్బులు కట్టేవాళ్లే. ఒక్కరు కూడా ఆ కాస్త దూరం నడిచి వెళ్లి చెప్పలేదు. ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వెంటాడింది.

2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో గ్యాంగ్‌స్టర్ నయీం ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది. ఆ తర్వాత భూములు పోగొట్టుకున్నవాళ్లు, బెదిరింపులకు భయపడి డబ్బులు కట్టినవాళ్లు వరసగా బయటికి వచ్చి ఫిర్యాదులు చేశారు. పేపర్లో ఆ వార్తలు చదువుతుంటే నాకు మా బజ్జీల రోడ్డే కనిపించింది. అన్నేళ్లూ వీళ్లంతా ఎక్కడికీ పోలేదు, నోరు మూసుకుని ఇళ్లలోనే ఉన్నారు. ముఠా నాయకుడు చచ్చిపోయాక గానీ బాధితుడు మాట్లాడలేడంటే అక్కడ చట్టం పని చేయనట్టే. వాడు బతికుండగానే, కోర్టులో వాడి ముందే బాధితుడు నిలబడి మాట్లాడగలగాలి. ఈ ఉద్యోగంలో నాకు కావాల్సింది అదేనని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో అడుగడుగునా ఉన్నారు. మాది 2018 నోటిఫికేషన్. ముందు ప్రిలిమినరీ, తర్వాత ఈవెంట్లు (పరుగు లాంటి శారీరక పరీక్షలు), ఆ తర్వాత ఫైనల్ రాత పరీక్షలో అర్థమెటిక్, జనరల్ స్టడీస్, ఇంగ్లిష్, తెలుగు పేపర్లు. మాకు 800 మీటర్లు 170 సెకన్లలో పరిగెత్తాలి. 2022 నోటిఫికేషన్‌లో అది మారింది. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కేజీల షాట్‌పుట్ 6 మీటర్లు పెట్టారు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. నేను పొద్దున ఓయూ గ్రౌండ్‌లో పరిగెత్తి, పగలంతా లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల భోజనం. ఒక్కోసారి ఎల్బీ స్టేడియానికి కూడా వెళ్లేవాళ్లం. నక్సల్స్ మీద పోరాడే గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ని 1993 జనవరి 27న ఆ స్టేడియంలోనే కాల్చి చంపారు. ఆ కేసు నిందితుల్లో నయీం ఒకడు. అది తెలిశాక అక్కడ పరిగెత్తిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది.

బస్తీ నుంచి వచ్చే తమ్ముళ్లకు మాత్రం ఒక మాట వివరంగా చెప్పాలి. సెలెక్షన్ అయ్యాక అటెస్టేషన్ ఫారం నింపాలి. మీ మీద ఎప్పుడైనా కేసు పెట్టారా, అరెస్ట్ అయ్యారా అని అందులో అడుగుతారు. స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఇంటికి వచ్చి, స్టేషన్ రికార్డులు చూసి వెరిఫై చేస్తారు. మా గల్లీలోనే నాకంటే బాగా పరిగెత్తే కుర్రాడు ఒకడు వినాయక చవితి గొడవలో కేసులో ఇరుక్కున్నాడు. అలాంటి కేసు ఉంటే దాన్ని దాచడం ఇంకా పెద్ద ప్రమాదం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది. నిజం రాస్తే కేసు ఎంత చిన్నదో చూసి నిర్ణయం తీసుకునే వీలు అధికారులకు ఉంటుంది. దాచినట్టు తేలితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. ఈవెంట్లకు పడే కష్టంలో పదో వంతైనా చెడు సావాసాలకు దూరంగా ఉండటానికి పడండి.

ట్రైనింగ్ హిమాయత్‌సాగర్ దగ్గర రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పోలీస్ అకాడమీలో. నిజాం కాలంలో హైదరాబాద్ కొత్వాల్‌గా చేసిన ఆయన పేరు పెట్టుకున్న చోటు. దాదాపు ఏడాది. సగం కాలం కరోనాతోనే గడిచింది. 2020 అక్టోబర్‌లో పాసింగ్ అవుట్. పరేడ్, ఆయుధాలు, ఫైరింగ్ అన్నీ నేర్పారు. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం లా క్లాసు. అక్కడ పాఠం చెప్పిన మేడం మేము రాసిన ఉత్తుత్తి పంచనామాలు తీసుకుని డిఫెన్స్ లాయర్‌లా ప్రశ్నలు అడిగేవారు. "కత్తి ఎక్కడ దొరికింది? కుడి జేబా, ఎడమ జేబా? చీకట్లో ఎలా కనపడింది? ఆ పంచు సాక్షి ఆ టైమ్‌కి అక్కడెందుకున్నాడు?" పది నిమిషాల్లో కేసు కుప్పకూలిపోయేది. "మీరు రాసేది మీ సార్ కోసం రాయకండి. కొన్నేళ్ల తర్వాత దీన్ని చదివి చింపేయాలని చూసే లాయర్ కోసం రాయండి" అనేవారు. ఈ రోజుకీ పంచనామా రాయడానికి కూర్చుంటే ఆవిడ గొంతు వినిపిస్తుంది.

సిటీలో లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో సెక్టార్ ఎస్సైగా వేశారు. అక్కడ ఊపిరాడనంత పని. బోనాలు, వినాయక నిమజ్జనం, మొహర్రం, రంజాన్ రాత్రులు, ధర్నాలు, భార్యాభర్తల గొడవలు, డ్రంకెన్ డ్రైవ్. ముఠాల మీద పని చేయాలన్న కోరిక ఎంత ఉన్నా రోజంతా బందోబస్తులోనే పోయేది. అయితే ప్రతి స్టేషన్‌లోనూ రౌడీషీటర్లను పిలిచి కౌన్సెలింగ్ చేసే ఆనవాయితీ ఉంటుంది. వాళ్లు వరసగా నిలబడతారు, ఇన్‌స్పెక్టర్ హెచ్చరిస్తారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు. నాకు ఆ షీట్లు చదవాలనిపించింది. అలవాటుగా శాంతిభంగ నేరాలు చేసేవాళ్ల మీద స్టాండింగ్ ఆర్డర్ 601 ప్రకారం తెరిచే షీట్లు అవి. కొన్ని నేను స్కూల్లో ఉన్నప్పుడు తెరిచినవి. నైట్ డ్యూటీలో తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్కటీ చదివాను.

షీట్‌లో నేరాల చిట్టా ఉంటుంది. దానితో ముఠా ఎవరిదో తెలియదు. ఎవడు ఎవడిని కొట్టాడో మాత్రమే తెలుస్తుంది. నాకు దారి చూపించినవి రెండు. ఒకటి, బెయిల్ వచ్చినప్పుడు జామీను పెట్టినవాళ్ల పేర్లు. ఒకరికొకరు సంబంధం లేని నలుగురు కుర్రాళ్లకు, వేర్వేరు కేసుల్లో, ఒకే మనిషి జామీను నిలబడ్డాడు. రెండోది, జైల్లో ములాఖత్‌కి ఎవరొచ్చారన్నది. కన్నతల్లి కూడా రాని కుర్రాడి దగ్గరికి ఒక ఫైనాన్స్ వ్యాపారి మనిషి వారం వారం వచ్చి ఖర్చులకు డబ్బులు కట్టి వెళ్లాడు. కత్తి పట్టినవాడు ఆ షీట్లలో ఉన్నాడు. వాడికి తిండి పెట్టేవాడు ఏ షీట్‌లోనూ లేడు. ఈ రెండు వివరాలతో మా సెక్టార్ కుర్రాళ్ల మీద ఒక నోట్ తయారు చేసి పెట్టుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒక అధికారి దాన్ని చూసి చాలాసేపు ప్రశ్నలు అడిగారు. కొన్ని నెలల తర్వాత టాస్క్‌ఫోర్స్‌కి ఆర్డర్ వచ్చింది. ఇంతకుమించి ఇంటర్వ్యూ ఏమీ లేదు.

వచ్చాక ముందు ఆశ్చర్యపోయింది మా పని ఎక్కడ ఆగుతుందో చూసి. మేము సమాచారం తెస్తాం, పట్టుకుంటాం, సొత్తుతో సహా స్థానిక పోలీస్ స్టేషన్‌కి అప్పగిస్తాం. "తదుపరి చర్య నిమిత్తం" అన్న మాట మీరు పేపర్లో రోజూ చదువుతుంటారు. కేసు దర్యాప్తు, చార్జిషీట్, కోర్టు తిరుగుడు అంతా ఆ స్టేషన్ అధికారి మీద పడుతుంది. ఫొటోలో మేము ఉంటాం, బరువు వాళ్లు మోస్తారు. కొంతమంది అప్పగించిన రోజుతో తమ పని అయిపోయిందనుకుంటారు. నేను దానికి ఒప్పుకోను. మనం తెచ్చిన కేసు కోర్టులో చివరి వాయిదా వరకు మన కేసే. మా టీములో ఒక సీనియర్ హెడ్ కానిస్టేబుల్ ఉన్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన తను పట్టించిన ప్రతి కేసు వాయిదా తారీఖులు ఒక పాత డైరీలో రాసుకుంటారు. సమన్లు రాకముందే సాక్షికి ఫోన్ చేసి "అమ్మా, పదో తారీఖు గుర్తుందిగా, నేనొచ్చి తోల్కపోతా" అంటారు. ఈ పని నేను నేర్చుకున్నది ఎక్కువగా ఆయన దగ్గరే.

ఇప్పుడు ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఒక మార్కెట్ ఏరియాలో చిన్న వ్యాపారుల దగ్గర వారం వారం వసూళ్లు జరుగుతున్నాయని సమాచారం. ముఠా నాయకుడు అంతకుముందే చంచల్‌గూడ నుంచి బెయిల్ మీద బయటికి వచ్చాడు. జైలు గేటు నుంచి బస్తీ వరకు కుర్రాళ్లు బైకులతో ఊరేగించారు, ఆ రీల్స్ ఊరంతా తిరిగాయి. ఆ వీడియోలు సరదాకి తీసినవి కావు. "భాయ్ వచ్చిండు" అని దుకాణాలవాళ్లకు చెప్పడానికే. పుట్టినరోజున తల్వార్‌తో కేకు కోసే వీడియోలు కూడా అందుకే. చూసి నవ్వుకునేవాళ్లు ఉంటారు. ఆ గల్లీలో బండి పెట్టుకున్నవాళ్లకు నవ్వు రాదు.

ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు. మఫ్టీలో వెళ్లి అడిగితే "మాకేం తెల్వదు సార్" అన్నారు. పండ్లు అమ్మే ఒక అక్క మాత్రం కాస్త మాట్లాడింది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. "నేను చెప్తే మీరు పట్టుకుంటరు సార్. నాలుగు రోజులకు వాళ్లు బయటికొస్తరు. మీరు మీ జీపుల పోతరు. నేను ఈడనే ఉండాలె గదా" అంది. నా దగ్గర దానికి తయారుగా జవాబు లేదు. ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

కాబట్టి ఆమె మాట మీదే కేసు నిలబడకుండా చూడాలి అనుకున్నాం. ఈమధ్య వసూళ్లు కూడా ఫోన్‌లోనే జరుగుతున్నాయి. చిల్లర లేదంటే క్యూఆర్ కోడ్ చూపిస్తారు. ఆ డబ్బులు ముఠాలో ఒక కుర్రాడి బంధువు ఖాతాకు పోతున్నాయని తెలిసింది. ప్రతి వారం ఒకే రోజు, ఒకే మొత్తం, డజన్ల కొద్దీ చిన్న వ్యాపారుల నుంచి. బ్యాంక్ స్టేట్‌మెంట్ తెప్పించాం. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి, పాత చట్టంలో 65బి అనేవాళ్లం. అది సరిగ్గా లేకపోతే ఆ స్టేట్‌మెంట్ ఎంత గొప్పదైనా కోర్టులో చెల్లదు. ఆ ఒక్క కాగితం కోసం దర్యాప్తు అధికారితో పాటు నేనూ తిరిగాను. స్టేట్‌మెంట్ చేతికి వచ్చాక ఆ అక్క దగ్గరికి మళ్లీ వెళ్లి "మీరొక్కరే కాదక్కా, చూడండి, ఇంతమంది ఉన్నారు" అని చూపించాం. ఆమె కళ్లలో మొదటిసారి కొంచెం ధైర్యం కనిపించింది. తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు.

పట్టుకోవడం ఒక తెల్లవారుజామున అయిపోయింది. సినిమాల్లోలా ఏమీ లేదు, చాలామంది నిద్రలోనే ఉన్నారు. సోదా మొత్తం వీడియో తీశాం, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం ఇప్పుడు అది తప్పనిసరి. రెండు పెద్ద కత్తులు దొరికాయి. స్కేలు పెట్టి కొలిచి రాశాం, ఎందుకంటే ఆయుధాల చట్టం కింద బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుందా, 2 అంగుళాల కంటే వెడల్పుందా అన్నది లెక్కలోకి వస్తుంది. 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో వ్యవస్థీకృత నేరానికి 111 అని కొత్త సెక్షన్ ఉంది. ప్రాణం పోని కేసుల్లో శిక్ష 5 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు, జరిమానా 5 లక్షలకు తగ్గదు. వినగానే అందరికీ ఇదే పెట్టేయాలనిపిస్తుంది. కానీ అది ఊరికే అంటదు. గత 10 ఏళ్లలో ఒకటి కంటే ఎక్కువ చార్జిషీట్లు కోర్టులో దాఖలై ఉండాలి, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. ఆ నేరాలకు మూడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష ఉండాలి. ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని ఉన్నా సరిపోదు. చిన్న ముఠాల దొంగతనాలు, స్నాచింగ్‌లు, బెట్టింగ్ లాంటివాటికి 112 ఉంది, దానికి ఏడాది నుంచి ఏడేళ్లు.

మా కేసులో ఒక్కొక్కడి మీద పాత కేసులు తీసి, వాటిలో ఏది చార్జిషీట్ దాకా వెళ్లింది, కోర్టు ఎప్పుడు స్వీకరించింది అని వెతకాల్సి వచ్చింది. నాంపల్లి కోర్టుల్లో సర్టిఫైడ్ కాపీల కోసం తిరిగిన తిరుగుడు ముందు ఆ తెల్లవారుజాము రైడ్ ఎంత చిన్నదో మాటల్లో చెప్పలేను. చివరికి అందరికీ 111 నిలబడదని తేలింది. నిలబడేవాళ్ల మీదే పెట్టారు, మిగతావాళ్లకు బలవంతపు వసూళ్ల సెక్షన్ 308. నిలబడని సెక్షన్ పెడితే ఆ రోజు పేపర్లో బాగానే ఉంటుంది. బెయిల్ పిటిషన్ విచారణలో దాన్ని కొట్టేస్తే ముఠా మళ్లీ ఊరేగింపు చేసుకుంటుంది. అదంతా 90 రోజుల్లో చార్జిషీట్ రూపంలో కోర్టుకు చేరకపోతే నిందితులకు బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది. ఆ 90 రోజులూ దర్యాప్తు అధికారికి, మాకు ఒకటే టెన్షన్.

సాక్షుల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ పని మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది. ఆ అక్క వాంగ్మూలాన్ని మేజిస్ట్రేట్ ముందు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 183 కింద నమోదు చేయించారు. పోలీసుల ముందు చెప్పినదానికంటే దానికి విలువ ఎక్కువ. 2018 డిసెంబర్‌లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా చట్టంలా పాటించమంది. ఇది ఉన్నట్టు చాలామందికి తెలియదు, పోలీసుల్లో కూడా కొందరికి తెలియదు. సాక్షి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా జడ్జి నాయకత్వంలో ఉండే కమిటీ దాన్ని చూస్తుంది. ఆ ఏరియా ఏసీపీ ఐదు పనిదినాల్లో బెదిరింపు ఎంతుందో రిపోర్టు ఇవ్వాలి. ఇంటి దగ్గర గస్తీ పెట్టడం, ఫోన్ నంబర్ మార్పించడం, కోర్టుకు వెంట తీసుకెళ్లడం, నిందితుడికి ఎదురుపడకుండా చూడటం లాంటివి అడగొచ్చు. మేము ఆమెతో దరఖాస్తు పెట్టించాం. బైకుల మీద గస్తీ తిరిగే బ్లూకోల్ట్స్ పోలీసులు రోజూ ఆ బండి దగ్గర రెండు నిమిషాలు ఆగేలా చూశాం. ఒక బండి దగ్గరే ఆగితే అనుమానం వస్తుందని ఆ వరసలో అన్ని బండ్ల దగ్గరా ఆగేవాళ్లు.

నలుగురిలో ఒకతను కోర్టులో ఎదురు తిరిగాడు. "నాకేమీ తెలియదు, పోలీసులు సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. బెదిరించారో, డబ్బులిచ్చారో, ఏం జరిగిందో అతనికే తెలుసు. పండ్ల అక్క మాత్రం బోనెక్కి, ముఠా నాయకుడు ఎదురుగా నిలబడి ఉండగా, ఏ వారం ఎంత కట్టిందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో "నీకు లెక్కలు రావు కదా, ఇంత కచ్చితంగా ఎట్ల చెప్తున్నవ్?" అని అడిగితే, "అది నా పిల్లల ఫీజు పైసలు సార్, యాదికుండదా" అంది. కోర్టు హాలు బయట నేను ఆమెకు దండం పెట్టాను. మా అమ్మ రోడ్డు మీద ఎవరూ చేయలేని పని ఆమె చేసింది. విచారణ ఇంకా నడుస్తోంది.

ఇలాంటి కేసుల గురించి చెప్తే "ఇంత శ్రమ ఎందుకు సార్, పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టేయండి" అంటారు. 1986 నాటి ఆ చట్టం కింద గూండాలు, డ్రగ్ నేరస్తులు, భూకబ్జాదారులు లాంటివాళ్లను విచారణ లేకుండా గరిష్ఠంగా 12 నెలలు నిర్బంధించవచ్చు. ఆర్డర్‌ను ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి, తర్వాత అడ్వైజరీ బోర్డు చూస్తుంది. తెలంగాణలో దీన్ని వాడే తీరును సుప్రీంకోర్టు 2022లో మల్లాడ శ్రీరామ్ కేసులో, 2023లో అమీనా బేగం కేసులో, 2024లో నేనావత్ బుజ్జి కేసులో గట్టిగా తప్పుబట్టింది. ఒక మనిషితో శాంతిభద్రతల సమస్య ఉందంటే అది ప్రజా జీవనమంతా అల్లకల్లోలం కావడం కాదని, మామూలు చట్టంతో అయ్యే పనికి ఈ అసాధారణ అధికారం వాడొద్దని ఆ తీర్పుల సారాంశం. డిపార్ట్‌మెంట్‌లో కొందరికి ఇది చేదుగా ఉంటుంది. నేను ఆ తీర్పులను చదివి గౌరవిస్తాను. ఏడాది లోపల పెడితే ఏడాది తర్వాత వాడు ఇంకా పెద్ద పేరుతో బయటికి వస్తాడు. నేరం రుజువై శిక్ష పడితే వాడి వెనకాల తిరిగే కుర్రాళ్లకు అది వేరేలా అర్థమవుతుంది.

ఆ కుర్రాళ్ల దగ్గరే నా మనసు ఎక్కువ ఆగుతుంది. వసూళ్లకు పంపేది, కత్తి దాచిపెట్టేది 16, 17 ఏళ్ల పిల్లలతోనే. "నువ్వు మైనర్, నీకేం కాదు" అని వాళ్లకు చెప్తారు. బిర్యానీ, బైక్, ఒక కొత్త ఫోన్. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో సెక్షన్ 83 ఇందుకే ఉంది. పెద్దవాళ్లు ఒక్కరుగా గానీ గ్యాంగుగా గానీ పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకుంటే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, 5 లక్షల జరిమానా. బీఎన్‌ఎస్ సెక్షన్ 95 కూడా ఉంది. నేను చూసినంతలో వీటిని వాడాల్సినంతగా వాడటం లేదు. మా టీము నుంచి వెళ్లే ప్రతి ఫైలులో పిల్లలు ఉంటే ఆ సెక్షన్ గురించి దర్యాప్తు అధికారికి నేను తప్పకుండా గుర్తు చేస్తాను. మా కేసులో దొరికిన ఒక పిల్లాడిని జువెనైల్ బోర్డు ముందు పెట్టారు, కొన్నాళ్లు అబ్జర్వేషన్ హోంలో ఉన్నాడు. ఇప్పుడు ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వాళ్లమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసి "సార్, ఇయ్యాల పనికి పోయిండు" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేస్తుంది. మా బజ్జీల బండి దగ్గరికి వచ్చిన ఆ ఇద్దరు పోరగాళ్లకు కూడా ఇలాంటి మెకానిక్ ఒకడు దొరికి ఉంటే బాగుండేది.

ఇంట్లో పరిస్థితి మీరు ఊహించుకోవచ్చు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. నా భార్య పండగలకు నన్ను లెక్కలోకి తీసుకోవడం మానేసింది. పిల్లల స్కూల్లో నా ఉద్యోగం గురించి వివరాలు చెప్పొద్దని ఇంట్లో చెప్పాం. పెళ్లికి ముందే ఇవన్నీ వివరంగా మాట్లాడుకుంటే మంచిది.

ఇటువైపు రావాలనుకునేవాళ్లు ఉర్దూ, కనీసం దక్కనీ మాట్లాడటం నేర్చుకోండి. సిటీలో సగం సమాచారం ఆ భాషలోనే వస్తుంది, మనసు విప్పేది కూడా ఆ భాషలోనే. గైడ్లు పక్కన పెట్టి బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్, సాక్ష్య అధినియమ్ అసలు పుస్తకాలు చదవండి. ట్రైనింగ్ అయ్యాక స్టేషన్‌లో దొంగతనం కేసైనా సరే మీ చేత్తో కేస్ డైరీ రాయండి, రైటర్‌కి వదిలేయకండి. టాస్క్‌ఫోర్స్‌కి మనుషులను ఎంచుకునేవాళ్లు చూసేది ఆ డైరీనే.

ముఖ్యంగా చెల్లెళ్లు రావాలి. వసూళ్ల కేసుల్లో బాధితుల్లో చాలామంది బండి పెట్టుకున్న ఆడవాళ్లే. జీపు దిగిన నలుగురు మగవాళ్లతో మాట్లాడనిది, పక్కన కూర్చున్న ఒక మహిళా ఎస్సైతో మాట్లాడతారు. పండ్ల అక్క రెండోసారి నోరు విప్పింది మా టీముకు సాయంగా వచ్చిన ఒక మహిళా కానిస్టేబుల్ ముందే. 2022 నోటిఫికేషన్ ప్రకారం మహిళలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.50 మీటర్లు, 4 కేజీల షాట్‌పుట్ 4 మీటర్లు. రోజూ గ్రౌండ్‌కి వెళ్తే అందుకోగలిగినవే. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా పరుగు ఇప్పుడే మొదలుపెట్టండి.